దేవుని పటము క్రింది సంతకము

ఏ ఊరి తెలుగు సంఘమునకు పోయినను సభామందిరపు గోడలమీద కనబడు పటములు ఇంచుమించుగా ఒక్కటే. నన్నయ, తిక్కన, పోతన, వేమన, కందుకూరి, గురజాడ; వారి ప్రక్కన త్యాగరాజస్వామి. ఇవి ఉండవలసినవే. ఒక్కదానినైనను దింపవలెనని మేము అనము. కాని వారిలో త్యాగరాజస్వామి ఒక్కరు తప్ప మిగిలినవారెవ్వరును మనవలె పరభాషల నడుమ పుట్టి పెరిగినవారు కారు. తరతరములుగా వలసవచ్చి నిలిచిన మన కుటుంబముల నుండి పాటకు ఒక త్యాగరాజస్వామి వచ్చిరి. మరి బొమ్మకు ఎవరు వచ్చిరి అని అడిగినచో సంఘపు పెద్దలు ఒకరి మొగము ఒకరు చూచుకొందురు.

వచ్చినవారు గలరు. వారి పటము సభామందిరమున లేదు గాని వారి చేతి బొమ్మలు మన పూజగదులలో ఉన్నవి. తమిళనాట మనవారు ప్రొద్దున లేచి చేతులు జోడించు లక్ష్మికి, సుబ్రహ్మణ్యస్వామికి, మీనాక్షికి రూపురేఖలు దిద్దిన చేయి అనేక గృహములలో వారిది. కాకున్న వారి శిష్యులది. ఆ చిత్రకారుని పేరు సి. కొండయ్యరాజు. 1898లో మద్రాసులో పుట్టి, కోవిల్పట్టిలో స్థిరపడి, 1976లో గతించిరి.

ఈ పేరు చెప్పగానే చదువుకొన్నవారు పెదవి విరుతురు. "ఓహో, కాలెండరు బొమ్మలాయనా!" అందురు. ఆ పెదవి విరుపు మీదనే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము చిత్రకళా విమర్శకులము కాము. మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ఆగినది. 1977 మొదలు 2016 వరకు శివకాశిలో ఒక అచ్చుకూటపు ఆఫీసున గుమాస్తాగా లెక్కలు వ్రాసితిమి. కొండయ్యరాజు గారు పోయిన మరుసటి యేడు మేము ఉద్యోగమున చేరితిమి గనుక వారిని చూచు భాగ్యము కలుగలేదు. కాని వారి బొమ్మలు వేలు లక్షలుగా మా కన్నుల యెదుటనే కట్టలు కట్టబడి రైళ్లకును లారీలకును ఎక్కినవి. ఆ కట్టలకు చీటీలు వ్రాసిన చేయి మాది. ఆ మాత్రపు అధికారముతోనే మాటలాడుచున్నాము.

ముందుగా వారి జీవితమును నాలుగు మాటలలో చెప్పవలెను. విజయనగర కాలము నుండి దక్షిణమునకు తరలివచ్చిన రాజులు నేటికిని రాజపాళయము మొదలైన చోట్ల ఇంట తెలుగే మాటలాడుదురు. కొండయ్యరాజు గారు ఆ కులమువారు. మద్రాసు చిత్రకళా పాఠశాలలో చదివి, దొరలు నేర్పిన వెలుగునీడల విద్యను చేతికి తెచ్చుకొనిరి. ఆ విద్యతో ఉద్యోగము సంపాదించి సుఖముగా ఉండవచ్చును. వారు తిరువణ్ణామలైకి పోయి రమణమహర్షి సన్నిధిని కొంతకాలము గడపిరి. పిదప మరల లోకములోనికి వచ్చి, నాటక సమాజముల వెంట ఊరూర తిరుగుచు తెరలు వ్రాసిరి. అడవి తెర, అంతఃపురపు తెర, కోట తెర, కైలాసపు తెర. 1940ల దశకమున కోవిల్పట్టిలో నిలిచి, దేవీ ఆర్ట్ స్టూడియో అను పేర చిత్రశాలను నడిపిరి. టి. ఎస్. సుబ్బయ్య, ఎం. రామలింగం, టి. ఎస్. అరుణాచలం మొదలగువారు ఆయన వద్ద పని నేర్చి, ఆయనతో కలసి పని చేసిరి.

ఆ సమయమునకే ప్రక్కనున్న శివకాశిలో అచ్చుయంత్రములు పెరుగుచుండెను. అచ్చట 1923లో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలైనది. పెట్టెమీద అంటించు రంగుచీటీల కొరకు అచ్చుకూటములు వచ్చినవి. చీటీ అచ్చువేయు యంత్రము కాలెండరును వేయగలదు. కాలెండరునకు బొమ్మ కావలెను. వ్యాపారి ఇచ్చు బహుమానము గనుక దేవుని బొమ్మ కావలెను. ఈ విధముగా నాటకపు తెర వ్రాసిన చేయి ఇంటిగోడకు వచ్చినది.

ఇప్పుడు ఆ బొమ్మల మీద చెప్పు దోషములను ఒక్కొక్కటిగా తీసికొందము.

మొదటిది: ఇవి వ్యాపారము కొరకు వ్రాసినవి గనుక కళ కాదట. ఈ మాట అనువారు కోవెల గోపురము కట్టిన స్థపతి కూలి పుచ్చుకొనలేదని అనుకొనుచున్నారు కాబోలు. తంజావూరు బొమ్మలలో బంగారు రేకు అతికినవాడును కుటుంబము గలవాడే. అయినను ఈ వ్యాపారము ఎట్లు నడచునో తెలిసినవారము గనుక ఒక సంగతి చెప్పెదము. ఆడిమాసము 18వ దినమున శివకాశిలో మరుసటి యేటి కాలెండరుల నమూనా పుస్తకములు వెలువడును. ఏజెంట్లు వానిని చంకబెట్టుకొని ఊరూర తిరిగి కిరాణా కొట్లలో, జవుళి కొట్లలో, మందుల దుకాణములలో ఆర్డర్లు పట్టుదురు. బొమ్మ క్రింద ఖాళీ స్థలమున కొట్టు పేరు అచ్చగును. పైనను క్రిందను తగరపు పట్టీ పడును. కాలెండరు గిరాకీకి ఉచితముగా వచ్చును. ఇంతవరకు ఇది వ్యాపారమే, మేము కాదనము.

కాని డిసెంబరు ముగిసిన పిదప ఏమి జరుగును? సంవత్సరపు తేదీలు చెల్లిపోయినవి. కొట్టువాని పేరుతో ఇంటివానికి పనిలేదు. అయినను ఆ ఇంటి ఇల్లాలు కత్తెర తీసికొని తేదీలను, కొట్టు పేరును కత్తిరించి, బొమ్మను మాత్రము పటము కట్టించును. అద్దమునకును చట్రమునకును డబ్బు ఎవరు ఇచ్చిరి? వ్యాపారి కాదు. కూలికి పోవు ఇల్లాలు తన కొంగుముడి విప్పి ఇచ్చినది. ఉచితముగా వచ్చిన వస్తువు మీద పేదవాడు తన సొమ్ము పెట్టినాడన్నచో ఆ వస్తువునకు అతడు వెల కట్టినాడన్న మాట. చిత్రకళా ప్రదర్శనశాలలలో ఎన్ని బొమ్మలకు ఇట్టి వెల కట్టబడినదో విమర్శకులు చెప్పవలెను.

రెండవది: లక్షల ప్రతులుగా అచ్చైనది అపురూపము కాదట. అపురూపము కాకుండుటయే దాని గొప్ప అని మేము అందుము. మదుర మీనాక్షి కోవెలలోనికి హరిజనులును నాడారులును వైద్యనాథయ్యరు గారి నాయకత్వమున మొదటిసారి ప్రవేశించినది 1939వ సంవత్సరము జూలై 8వ తేదీన. అంతకు ముందు తరతరములవారు ఆ ఊరిలోనే పుట్టి, ఆ గోపురమునే చూచుచు, గర్భగుడిలోని అమ్మవారిని కన్నులార చూడకయే పోయిరి. ఆ తలుపులు తెరచిన పదేండ్లకు ఇరువదేండ్లకు మీనాక్షీ కల్యాణము రంగులలో అచ్చై, ఏ గడప అడ్డములేక ప్రతి గుడిసెలోనికి నడచిపోయినది. కొండయ్యరాజు గారి బొమ్మలలో పేరొందినది ఆ మీనాక్షీ కల్యాణమే. కోవెలలో దూరమునుండి ఒక్క నిమిషము దొరకు దర్శనము ఇంట దినమంతయు దొరకినది. దీనిని కళ కాదని అనువారు ఏ గుడిముందరను వెలుపల నిలుచుండి ఎరుగనివారై ఉండవలెను.

మూడవది కొంత చదువుకొన్న దోషము. ఈ బొమ్మలలో దేవతలందరును మన వైపే తిరిగి నిలుచుందురు, వెనుక స్తంభములు తెరలు ఉండును, ఇది నాటకపు ఫక్కీ గాని చిత్రకళ కాదు అందురు. అవును, నాటకపు ఫక్కీయే. ఇందులో దాచవలసినది ఏమున్నది? కొండయ్యరాజు గారు తెరలు వ్రాసిన అనుభవమును పారవేయలేదు. తెర లేవగానే చిట్టచివరి వరుసలో నేలమీద కూర్చున్నవానికి గూడ వేషధారి కన్నులు కనబడవలెనని తెరలు వ్రాయువానికి తెలియును. దేవుని బొమ్మకును కావలసినది అదే. మనము దేవుని కథను చూచుటకు పటము ముందు నిలుచుండము. దేవుడు మనలను చూడవలెనని నిలుచుందుము. దర్శనమన్నది ఇరుప్రక్కల చూపు. ప్రక్కకు తిరిగిన మొగము ముందు దీపము పెట్టిన తృప్తి కలుగదు. రమణాశ్రమమునకు పోవువారిలో అనేకులు ఉపన్యాసము వినుటకు గాక, మౌనముగ నున్న మహర్షి యెదుట కూర్చుండుటకే పోవుచుండిరి. ఆ సన్నిధిని గడపిన చిత్రకారుడు మాటలేని చూపునకు ఎంత విలువ యిచ్చెనో ఆ బొమ్మల కన్నులు చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మేము ఏకపక్షముగా వాదించుచున్నామని అనుకొనవలదు. ఒప్పుకొనవలసిన దోషములు గలవు. దేవతలందరికిని ఒకే అచ్చులో పోసినట్లు గుండ్రని మొగములు, తెల్లని మేనిరంగులు వచ్చినవి. మన పల్లెల పొలిమేరలలో నిలిచిన నల్లని అమ్మవారలు ఈ వన్నెల ముందు వెలవెలపోయినారు. కొందరికి కాలెండరులో చోటే దొరకలేదు. అనుకరించువారు, అనుకరించినవానిని మరల అనుకరించువారు వచ్చి, రంగులు ముదిరి, భావము పలుచనైనది. ఇవి మేము ఆఫీసున కూర్చుండి చూచినవే. కాని శిష్యుని శిష్యుడు చెడగొట్టిన పాటకు త్యాగరాజస్వామిని ఎవరును దూషింపరు. బొమ్మ విషయమున మాత్రము ఈ న్యాయము ఏల తప్పవలెను?

ఈ నింద కొండయ్యరాజు గారితో మొదలైనది గూడ కాదు. 1848లో పుట్టి 1906లో గతించిన రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుకూటము పెట్టి దేవతల బొమ్మలను ఇంటింటికి పంపెను. ఆనందకుమారస్వామి, సోదరి నివేదిత వంటి పెద్దలు ఆ బొమ్మలను తీవ్రముగా విమర్శించిరి. పిమ్మట ఏమైనది? 1979లో భారత ప్రభుత్వము రవివర్మ కృతులను జాతీయ కళానిధులుగా ప్రకటించినది. నిన్న బజారు సరుకు అన్నదే నేడు దేశము విడచిపోగూడని నిధి అయినది. రవివర్మ కథలో మనవారికి గూడ ఒక చిన్న పాలు గలదు. ఆయన మేనమామ రాజరాజవర్మకు చిత్రలేఖనము నేర్పినది మదురనుండి తిరువాన్కూరు ఆస్థానమునకు పోయిన అళగిరి నాయుడు. రవివర్మ పడుచుతనమున అదే ఆస్థానమున ఉండిన చిత్రకారుడు రామస్వామి నాయుడు. మదుర నాయుళ్లు ఏ భాషవారో ఈ సంచిక చదువువారికి మేము చెప్పనక్కరలేదు. చూడుడు, ఆ పేర్లను గూడ మన గోడలు ఎరుగవు.

కోవిల్పట్టికే మరలి వత్తము. ఆ ఊరి దగ్గరనే ఇడైచేవల్ గ్రామమున తెలుగింట పుట్టి, తమిళమున వ్రాసి, 2021లో గతించిన కి. రాజనారాయణన్ గారు మన వలసల కథను నవలలుగా వ్రాసిరి. 1991లో వారికి సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. మనము సంతోషించితిమి, సభలు చేసితిమి. తగినదే. కాని అదే నల్లరేగడి సీమలో, ఇంచుమించుగా అదే కాలమున, మరొక తెలుగింటి బిడ్డ దేశమంతటికి దేవుళ్లను వ్రాసి యిచ్చినాడు. అక్షరము వ్రాసినవానికి సభ. బొమ్మ వ్రాసినవానికి గోడమేకు. ఈ తారతమ్యము చేసినది ఇతరులు కారు, మనమే.

ఇతరులను మేము నిందింపజాలము. కెనడా పరిశోధకుడు స్టీఫెన్ ఇంగ్లిస్ కోవిల్పట్టికి వచ్చి, విచారించి, 1995లో కొండయ్యరాజు గారిని గూర్చి ఇంగ్లీషున వ్యాసము ప్రకటించినారు. తమిళ శిష్యులు గురువును మరువలేదు. ఎక్కడినుండియో వచ్చిన దొరకు అక్కర కలిగినది. ప్రక్క వీధివారమైన మనకు కలుగలేదు.

ఇచ్చట మా నేరమును గూడ చెప్పుకొనక తప్పదు. లేకున్న ఈ వ్యాసము వ్రాయుటకు మాకు అర్హత లేదు. మా తల్లిగారి పూజగదిలో ఒక గజలక్ష్మి పటము ఉండెను. చట్రమునకు చెదలు తాకినది. అద్దము మూలన పగిలినది. కుంకుమబొట్టు మీద బొట్టు పడి ఏనుగు నుదురు ఎర్రబారినది. 2009లో ఇల్లు బాగుచేయించినప్పుడు, కొత్త రాతిపలకల గోడకు ఆ పాతపటము తగదని పిల్లలు అనిరి. మేము అడ్డు చెప్పలేదు. పాతసామానుల బండివానికి ఇచ్చి, ఇత్తడి విగ్రహము కొని తెచ్చితిమి. బండివాడు పటమును తిరగవేసి, అట్టను ఊడదీసి, అద్దమును వేరు చేయుచుండగా బొమ్మ అడుగున కుడిప్రక్క చిన్న అక్షరములలో సంతకము కనబడినది. కొండయ్యరాజు అనియు, దాని చెంత సుబ్బయ్య అనియు ఉండెను. జీవితమంతయు ఆ పేర్లుగల కట్టలకు చీటీలు వ్రాసినవారము. మా ఇంట అరువది యేండ్లు దీపము వెలిగిన బొమ్మ క్రింద ఆ పేరు ఉన్నదని ఆ దినము వరకు వంగి చూడలేదు. అడుగుటకు సిగ్గుపడి ఊరకుంటిమి. బండి వీధి మలుపు తిరిగినది.

ఆ రెండు పేర్లు కలసి ఉండుటను గూర్చి ఒక మాట. గురువు తన పేరు ప్రక్కన శిష్యుని పేరును వ్రాయనిచ్చుట, ఒకే పలకమీద ఇరువురు పనిచేసి ఇరువురును సంతకము చేయుట నేటి చిత్రకారులలో అరుదు. నేడు సంతకమే చిత్రముకన్న ఖరీదు. ఆధ్యాత్మిక చిత్రకారుడన్న పేరునకు బొమ్మలో దేవుడు ఉండుట ఒక్కటే చాలదు. వ్రాసినవానిలో 'నేను' కొంత తగ్గవలెను. ఆ జంట సంతకములో అది తగ్గినది.

కావున కొండయ్యరాజు గారు మావారని మీసము దువ్వుకొనుట మా ఉద్దేశము కాదు. ఆయనకు అన్నము పెట్టిన ఊరు తమిళ ఊరు. ఆయన విద్య నిలిపిన శిష్యులు తమిళులు. ఆయన వ్రాసిన మీనాక్షికి భాష లేదు. బ్రతికియున్న కాలమున పట్టించుకొనని చుట్టము, పోయిన తరువాత ఆస్తికి వచ్చినట్లు మనము పోగూడదు. మావాడు అను మాట హక్కు కొరకు కాదు, బాధ్యత కొరకు చెప్పవలెను.

ఆ బాధ్యత ఏమన్నచో, మాకు తోచినది చెప్పెదము. ఈ సంచిక చేత పట్టుకొన్న ప్రతి కుటుంబమువారును ఈ వారముననే పూజగదిలోని పాత పటములను దింపి, తుడిచి, బొమ్మ అడుగున రెండు మూలలను చూడుడు. సంతకము కనబడినచో ఒక కాగితముమీద చిత్రకారుని పేరు, అచ్చుకూటపు పేరు, ఏ కొట్టునుండి వచ్చినది, ఇంట ఎవరు పటము కట్టించిరి, ఎన్నాళ్లనుండి దీపము పెట్టుచున్నారు అను సంగతులు వ్రాసి అట్ట వెనుక అంటింపుడు. పెద్దలు ఉండగానే అడుగుడు; వారు పోయిన పిదప ఆ సంగతులు చెప్పువారు ఉండరు. బొమ్మ చినిగినను పారవేయవలదు. ఇంట చోటులేనివారు సంఘమునకు ఇచ్చినచో, సంఘము ఒక బీరువా కేటాయించి భద్రపరుపవలెను. ఉత్సవములలో పిల్లలకు పెట్టు పోటీలతోపాటు, ఎవరి ఇంటి పటముల కథను వారు వ్రాసి తెచ్చు పోటీ ఒకటి పెట్టవలెను. దీనికి చందాలు అక్కరలేదు, తీర్మానములు అక్కరలేదు. ఒర్రిస్సాలోను మహారాష్ట్రలోను ఉన్న మన సోదరుల ఇండ్లలో వేరే చిత్రకారుల బొమ్మలు ఉండవచ్చును. వారి పేర్లను గూడ అట్లే వ్రాసి ఉంచుడు. ఏ భాషవాడైనను వ్రాసినవాని పేరు తెలియుట న్యాయము.

సభామందిరపు గోడమీద గురజాడవారి ప్రక్కన మేకు ఒకటి కొట్టి, కోవిల్పట్టి చిత్రకారునికి గూడ చోటు చేయవలెనని మా విన్నపము. చేయుదురో లేదో పెద్దల చిత్తము. కాని ఇంటిలో దీపము పెట్టునప్పుడు ఒక్కసారి వంగి, దేవుని పాదముల క్రింద ఉన్న ఆ చిన్న అక్షరములను చదువుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మేము చేయక పోగొట్టుకొన్న పని అది. మా పాఠకులు అట్లు పోగొట్టుకొనరని నమ్మి విరమించుచున్నాము.